పానా పట్టే హక్కు

ఈ వయసులో నీకు బండి పనెందుకని ఈ వారం నన్ను ముగ్గురు అడిగారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో, "బాపూ, యాప్‌ల పెడితే ఇంటికే వచ్చి సర్వీసింగ్ చేసి పోతరు, నువ్వెందుకే నడుము ఇరగ్గొట్టుకునుడు?" అన్నాడు. నస్రుల్లాబాద్‌కు ఏ యాప్ మనిషి వస్తాడో వాడికే తెలియాలి. ఎదురింటాయన చేతిలో చాయ్ గ్లాసుతో వచ్చి, "సారూ, పింఛను సరిపోతలేదా ఏంది?" అని నవ్వాడు. మూడోవాడు సర్వీస్ సెంటర్ కుర్రాడు. కోడలి స్కూటర్ గురించి చిన్న సందేహం అడిగితే, "అంకుల్, మీరు విప్పితే వారంటీ పోతది" అని ముందే గీత గీశాడు. మొదటిమాట ప్రేమ, రెండోది వేళాకోళం. ఆ రెంటికీ నవ్వి ఊరుకున్నాను. మూడోదానికి ఊరుకోలేక ఈ వారం శీర్షిక మొత్తం దానికే రాసిస్తున్నాను.

మా దగ్గర అరవై దాటిన మనిషికి నలుగురూ ఒప్పుకున్న పనులు కొన్ని ఉన్నాయి. గుడి అరుగు మీద కూర్చోవచ్చు. పేపరు చదవొచ్చు. మనవడిని బడి బస్సు ఎక్కించవచ్చు. వేపచెట్టు కింద పీట వేసుకుని, లుంగీ ఎగగట్టి, మోచేతుల దాకా నల్లగా చేసుకుంటే మాత్రం అది పిసినారితనం కిందికో, పిచ్చి కిందికో వస్తుంది. పిసినారితనం అనేవాళ్లు ఒకసారి లెక్క వేసుకోండి. ఇంజనాయిలు ఎవరు మార్చినా కొనాల్సిందే. ప్లగ్గు, ఫిల్టరు, బ్రేక్ షూలు కొనాల్సిందే. మిగిలేది చేతికూలి ఒక్కటే, అది నేను కొన్న పానాల డబ్బుకు కూడా చాలదు.

మరి ఏం మిగులుతుందంటే, నా బండి సంగతి నాకు తెలుస్తుంది. మాది నిజాంసాగర్ ఆయకట్టు. నాట్ల కాలంలో కేజ్ వీల్స్ ఊడదీయకుండానే ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి, పొలంలోని బురద సగం తారు మీదికి వస్తుంది. ఆ నీళ్లూ మట్టీ సందు దొరికితే చైను దాకా పోతాయి. నా పాత స్ప్లెండర్‌కు చైను కవరు ఉంది కాబట్టి బతికిపోయింది. కవరు లేని బండ్లకు ఒక్క వానాకాలంలోనే చైను గుర్రుగుర్రుమంటుంది. కవరుకున్న చిన్న రబ్బరు మూత తీసి, వేలితో చైనును పైకీ కిందికీ ఆడించి చూడాలి. రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉంటే బాగున్నట్టు. అంతకు మించి వేలాడితే వెనక చక్రం నట్లు వదులు చేసి, రెండు వైపులా గీతలు సమానంగా వచ్చేలా లాగి బిగించాలి. ఒకవైపు ఎక్కువ లాగితే చక్రం వంకరగా నడిచి టైరు ఒక అంచునే అరుగుతుంది.

కోతల కాలంలో కథ వేరు. హార్వెస్టర్ లేపిన దుమ్ము, వడ్ల నూగు గాలిలో తేలుతుంటాయి. ఆ రోజుల్లో ఎయిర్ ఫిల్టర్ తెరిచి చూసినవాడికి మైలేజీ ఎందుకు తగ్గిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్లగ్గు విప్పి మొన చూస్తే ఇంజను లోపలి సంగతి చెప్పేస్తుంది. లేత గోధుమ రంగుంటే మంట సరిగ్గా ఉన్నట్టు. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, లేదా గాలి చాలనట్టు. తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువై ఇంజను వేడెక్కుతున్నట్టు. టాపెట్లు సరిచేయాలంటే ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి, అందుకే ఆ పని తెల్లవారుజామునే పెట్టుకుంటాను. ఆ సందు మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. ఆ సన్నని ఫీలర్ రేకు దూరి కాస్త బిగుతుగా జారితే, డెబ్బై వైపు నడుస్తున్న చేతికి అంతకన్నా పరీక్ష ఏం కావాలి?

వయసు పని పద్ధతిని మారుస్తుంది, అది ఒప్పుకుంటాను. వంగి చేసే పనులన్నీ ఇప్పుడు పీట మీద కూర్చునే చేస్తాను. జారిపడిన నట్టును వెతకలేక కింద పాత తెల్ల చద్దరు పరుస్తాను. బిగుసుకున్న బోల్టు మీద బలం చూపడం మానేసి, రాత్రే నాలుగు చుక్కల నూనె వేసి పొద్దున విప్పుతాను. బ్రేక్ డ్రమ్ములోని పొడిని నోటితో ఊదను, తడిగుడ్డతో తుడుస్తాను. తీసిన పాత ఆయిలు మోరీలో పోయను, డబ్బాలో పట్టి బాన్సువాడలో మెకానిక్‌కు ఇస్తాను, అతను పోగేసి అమ్ముకుంటాడు. బోరు పని వస్తే ఆ మెకానిక్ దగ్గరికే బండిని తీసుకుపోతాను. కాబట్టి మెకానిక్ పొట్ట కొడుతున్నానన్న మాట నా దగ్గర చెల్లదు. ఆ మెకానిక్‌కూ నాకూ ఇప్పుడు ఒకే చోట తాళం పడుతోంది. దాని గురించి చెప్పే ముందు ఒక్క మాట చేతక్ గురించి.

మా తరానికి పానా పట్టడం నేర్పింది స్కూటరే. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. బుక్ చేసుకుంటే చేతికి రావడానికి ఏళ్లు పట్టే కాలం అది. అంత ఎదురుచూసి తెచ్చుకున్న బండిని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పేది కాదు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలపడం, గరుకు కాగితంతో పాయింట్లు రుద్దడం, స్టెప్నీ దించి చక్రం మార్చడం రాని చేతక్ యజమాని ఉండేవాడు కాదు. స్టార్టు కాకపోతే బండిని పక్కకు వంచి, నిలబెట్టి, మళ్లీ కిక్కు కొట్టడం దేశమంతా తెలిసిన విద్య. అయితే ఆ బండిని నెత్తిన పెట్టుకోవాలని నేను అనను. వానలో ఆగిపోయేది, పొగ కక్కేది, నడుముకు హింస. ఇప్పటి బండ్లు వందరెట్లు నయం. నా బాధ బండి బాగుపడినందుకు కాదు, బాగుపడే కొద్దీ యజమానిని దూరంగా నెట్టినందుకు.

నమ్మకపోతే సీటు కింద చూడండి. అసలు నా కోపమంతా అక్కడే ఉంది. ఒకప్పుడు కొత్త బండితో పాటు ఒక రెక్సిన్ సంచి వచ్చేది. అందులో ప్లగ్గు పానా, దాన్ని తిప్పే కడ్డీ, రెండు మూడు డబుల్ ఎండ్ పానాలు, ఇటు తిప్పితే మైనస్ అటు తిప్పితే ప్లస్ అయ్యే స్క్రూడ్రైవరు ఉండేవి. ఇనుము నాసిరకమే కావచ్చు, ఆ సంచి మాత్రం యజమానిని నమ్మింది. దారిలో బండి ఆగితే నువ్వే చూసుకోగలవని చెప్పింది. కోడలి స్కూటర్‌తో వచ్చింది ఏమిటంటారా? ఒక స్క్రూడ్రైవరు, ఒక ప్లగ్గు పానా, ఏ సందేహం వచ్చినా సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమని చెప్పే పుస్తకం. సీటు కింద ఛార్జింగ్ పాయింట్ పెట్టడానికి చోటు దొరికింది, ఒక 10-12 పానా పెట్టడానికి దొరకలేదు. లక్ష రూపాయలు పోసి కొన్న బండికి నాలుగు పానాలు బరువా? తెలుగులో నాలుగు పేజీల సర్వీసు బొమ్మలు వేయిస్తే కంపెనీ దివాలా తీస్తుందా?

ఇప్పుడు తాళం సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, సెన్సర్లు వచ్చాయి. పొగ తగ్గింది, మంచిదే. కానీ మీటరు మీద పసుపు దీపం వెలిగితే అదెందుకు వెలిగిందో చెప్పే స్కానరు కంపెనీ మనుషుల చేతిలో ఉంది. ముప్పై ఏళ్లుగా చెవితో ఇంజను జబ్బు పసిగట్టిన బాన్సువాడ మెకానిక్ ఆ దీపం ముందు నాలాగే నిలబడిపోతున్నాడు. వారంటీ బెదిరింపు ఎదురైతే గుర్తుచేసుకోవాల్సిన తీర్పు ఒకటుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం, పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనీయడం లేదన్నది నేరం. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదని కూడా అందులోనే చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. తీర్పు కార్ల గురించే, నిజమే. స్కూటర్ యజమానికి న్యాయం వేరే రకంగా ఉంటుందా?

2022 జులైలో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలనూ ఆ జాబితాలో పెట్టింది. అదే ఏడాది డిసెంబర్ 24న, వినియోగదారుల దినోత్సవం నాడు, పోర్టల్ కూడా తెరిచింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ప్రజల ఓటుతో బండి రిపేరు హక్కును గెలుచుకుంది. మనకు పోర్టల్ వచ్చింది, ఫోటోలు వచ్చాయి. చట్టం రాలేదు.

ఇక పెట్రోలు. తాళం వేయని పాత బండిని కూడా ఇంట్లో కాపాడుకోనివ్వరా అనిపించేది బంకు దగ్గరే. 2025కల్లా దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దిక్కయింది. దీనికి తగ్గ రబ్బరు, లోహం వాడిన బండ్లు 2023 ఏప్రిల్ నుంచి మొదలయ్యాయి. అంతకు ముందు కొన్నవాళ్లం ఏం పాపం చేశాం? టూవీలర్లకు మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ రాసిన నివేదికే చెప్పింది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. వానాకాలంలో పది రోజులు నిలబెట్టిన పాత బండి కార్బొరేటర్ గిన్నె అడుగున జిగురు, తుప్పు పొడి చూసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంట్లో చేసుకోగల మందు ఒకటుంది. బండి కొన్నాళ్లు కదలదనుకుంటే పెట్రోల్ కాక్ మూసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి, గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

ఆ ఇథనాల్ దేనితో చేస్తున్నారో తెలిస్తే మా ఆయకట్టు రైతుకు ఇంకా మండాలి. ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యాన్ని 2025లో క్వింటాలు 2,250 రూపాయలకు డిస్టిలరీలకు ఇచ్చారు. టన్ను బియ్యానికి వచ్చేది 450 నుంచి 480 లీటర్లు. అంటే లీటరు ఇథనాల్‌కు రెండు కిలోల పైచిలుకు బియ్యం. కిలో బియ్యం పండించడానికి రెండున్నర వేల లీటర్ల నీళ్లు తక్కువ కాదు. నిజాంసాగర్ తూము నుంచి వచ్చే నీటికి వంతుల కోసం కొట్లాడుకున్న మనం, ఆ నీటిని బండి ట్యాంకులో పోసి కాలుస్తున్నామన్నమాట. పెట్రోలులో ఆల్కహాల్ కలపడం కొత్తేమీ కాదు, 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. అప్పట్లో అది చెరకు మడ్డి నుంచి, అంటే చక్కెర తీయగా మిగిలినదాని నుంచి వచ్చేది. మరి చెరకు ఏమైందంటారా? మా పక్కనే బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్‌కు 2015 డిసెంబర్‌లో తాళం పడింది. గేటు తెరుస్తామని ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీ నడిచి ఉంటే ఇంధనానికి మడ్డి వచ్చేది, రైతుకు చెరకు పంట ఉండేది, కార్మికుడికి కూలి ఉండేది. దానికి తాళం వేసి, తినే బియ్యాన్ని ట్యాంకులో పోయడం ఏ లెక్కలో తెలివో నాకు అర్థం కాదు.

ఇంత చేసి, పాత బండిని శ్రద్ధగా చూసుకున్నవాడికి సర్కారు ఇచ్చే బహుమతి ఏమిటి? పదిహేనేళ్లు నిండిన టూవీలర్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 2,000 చేశారు. నా బండి పొగ కొలిచి, బ్రేకు పరీక్షించి ఫీజు వేస్తే తల వంచి కడతాను. పుట్టిన తేదీ చూసి వేస్తున్నారు. పింఛనుదారుడు బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేసి రుజువు చేసుకుంటాడు. అది చూసి, వయసెక్కువైంది కాబట్టి పింఛను తగ్గిస్తామని ఎవరైనా అంటారా? మూడేళ్ల బండి చైను ఎండిపోయి, నున్నటి టైరుతో, బ్రేకు లేకుండా మా రోడ్డు మీద తిరుగుతుంటే దానికి పైసా ఎక్కువ లేదు. అన్నీ సరిగ్గా ఉన్న ఇరవై రెండేళ్ల బండికి రెండు వేలు.

పాత బండ్లు రోడ్డు మీద ఉండకూడదని నిజంగానే అనుకుంటే ఆ మాటే చెప్పండి, వాదించుకుందాం. ఉండొచ్చని ఒప్పుకుని డబ్బు కట్టించుకుంటున్నప్పుడు, దాన్ని బాగుంచుకునే దారి కూడా యజమానికి చూపాలి. స్కానరు బయటి మెకానిక్‌కు అందేలా కంపెనీల మెడలు వంచండి. కలపని పెట్రోలు కనీసం ఒక పంపులోనైనా ఉంచండి. అదీ కుదరదంటే, ఆ రెండు వేల రసీదుతో పాటు ఆర్టీఓ ఆఫీసు ఒక 10-12 పానా చేతిలో పెట్టి పంపించాలి. కంపెనీ ఇవ్వడం మానేసింది కదా.