జిల్లా కోర్టు ఖర్చు ఎవరి ఖాతాలో?

కొత్త జిల్లా కోర్టు ప్రకటన వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. న్యాయాన్ని ప్రజల గడప దగ్గరకు తెచ్చామని ప్రభుత్వం చెప్పుకుంటుంది. అసలే అప్పుల్లో ఉన్న ఖజానాకు ఇదో కొత్త భారమని విమర్శకులు అంటారు. ఈ రెండు మాటల్లోనూ మన వాడ కనిపించదు. అట్రాసిటీ కేసు పెట్టి ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగిన కుటుంబాన్ని అడిగితే మూడో లెక్క తెలుస్తుంది. దాన్ని ఇప్పటివరకు ఏ బడ్జెట్ పుస్తకమూ రాయలేదు.

ముందు ప్రభుత్వం లెక్క చూద్దాం. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. కలెక్టర్, ఎస్పీ కార్యాలయాలు వెంటనే వచ్చాయి. న్యాయ జిల్లాలు మాత్రం పాత 10 గానే ఉండిపోయాయి. 2022 జూన్ 2న కొత్తగా 23 కలిపి మొత్తం 33 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అక్కడ కూడా కోర్టుల సరిహద్దులు ఆ వేగంతో మారలేదు. కలెక్టరేట్ పెట్టడానికి ఒక జీవో చాలు. జిల్లా కోర్టుకు హైకోర్టు సిఫార్సు, న్యాయశాఖ ఫైలు, ఆర్థికశాఖ ఆమోదం అన్నీ కావాలి. ఫైలు ఎక్కువగా ఆగేది ఆర్థికశాఖ దగ్గరే.

ఖర్చు నిజంగానే ఉంటుంది. రెండో జాతీయ న్యాయ వేతన సంఘం సిఫార్సుల ప్రకారం జిల్లా జడ్జి మూల వేతనం ప్రారంభంలోనే నెలకు 1,44,840 రూపాయలు. ఆయన వెంట సూపరింటెండెంట్, బెంచ్ క్లర్క్, స్టెనో, సమన్లు అందించే సిబ్బంది, అటెండర్లు కావాలి. పీపీ, భవనం, జడ్జీల క్వార్టర్లు, రికార్డు గది కావాలి. భవనానికి ఒకసారి పెడితే సరిపోతుంది కానీ జీతాలు ఏటా ఇవ్వాలి. కోర్టు భవనాల కోసం 1993-94 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రాయోజిత పథకాన్ని 2021లో పొడిగించారు. 2025-26 వరకు 9,000 కోట్లు కేటాయించారు, అందులో కేంద్రం వాటా 5,357 కోట్లు. మామూలు రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించాలి. జీతాల బరువు మాత్రం రాష్ట్రానిదే.

మరి ఇది ఖజానా మోయలేనంత బరువా? ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2022 ప్రకారం తన మొత్తం ఖర్చులో ఒక్క శాతం మించి న్యాయవ్యవస్థకు పెడుతున్న రాష్ట్రం ఒక్కటీ లేదు. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. 2002లో సుప్రీంకోర్టు కూడా అదే లక్ష్యం పెట్టింది. నేటికీ మంజూరైన పోస్టులన్నీ కలిపినా ఆ లెక్కలో సగానికి చేరలేదు. డబ్బు లేదనే మాట కన్నా, ఈ ఖర్చు ఎవరికీ ఓట్లు తేదన్న లెక్కే ఇక్కడ పనిచేస్తోందని మేము అనుకుంటున్నాం.

ఇప్పుడు మూడో లెక్క. ప్రభుత్వం పెట్టని ఖర్చును ఎవరో ఒకరు భరించాల్సిందే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అలంపూర్ నుంచి జిల్లా కేంద్రానికి వంద కిలోమీటర్లకు పైనే. పాత ఆదిలాబాద్ జిల్లాలో సిర్పూర్ వైపు ఊళ్లకు ఇంకా దూరం. బాధితురాలు ఒంటరిగా వెళ్లలేదు, తోడు ఒకరు కావాలి. పదిసార్లు తిరిగితే ఇద్దరికీ కలిపి ఇరవై రోజుల కూలి పోయినట్టే. బస్ చార్జీలు, తిండి ఖర్చు దానికి అదనం. అంత దూరం వెళ్లాక జడ్జి సెలవనో, పీపీ రాలేదనో, అవతలి వకీలు గడువు అడిగాడనో తెలుస్తుంది. మళ్లీ వాయిదా. నిందితులు సొంత బండిలో వచ్చి వెళ్తారు. సాక్షి మాత్రం నిందితుడి పొలంలోనే కూలికి పోయేవాడు కావచ్చు.

రాజీ మొదలయ్యేది ఇక్కడే. అట్రాసిటీ చట్టం కింద నేరాలకు రాజీ చెల్లదు. అందుకే పెద్దమనుషులు కేసును వదిలి సాక్షి మీద పడతారు. "ఎన్నాళ్లు తిరుగుతావ్" అన్న ఒక్క ప్రశ్న చాలు. సాక్షి ఎదురు తిరిగితే "ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది" అని తీర్పులో రాస్తారు. సాక్షి ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నాడో తీర్పులో ఉండదు.

కోర్టు దగ్గరకు రావడం అంటే ఏమిటో మన ఉద్యమానికి చుండూరు నేర్పింది. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపిన ఆ కేసులో, ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని బాధితులు పట్టుబట్టి సాధించారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. అయితే 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కోర్టు ఊళ్లోకి వస్తే న్యాయం తప్పక దక్కుతుందని దీన్ని బట్టి చెప్పలేం. కానీ సాక్షులు వచ్చి నిలబడి చెప్పగలిగారంటే ఆ దగ్గరితనానికి అందులో భాగం ఉంది.

అందుకే కొత్త జిల్లా కోర్టులు కావాలనే మేము అంటున్నాం. అయితే బోర్డు మార్చి, రిబ్బను కత్తిరించి లెక్క ముగించడాన్ని ఒప్పుకోం. చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, చార్జిషీటు దాఖలైన రెండు నెలల్లో వీలైనంత వరకు విచారణ ముగిసేలా తగినన్ని ప్రత్యేక కోర్టులు పెట్టే బాధ్యత రాష్ట్రానిది. కేసులు తక్కువున్న జిల్లాలో సెషన్స్ కోర్టునే ప్రత్యేక కోర్టుగా ప్రకటించే వీలూ చట్టం ఇచ్చింది. వంద పనులున్న జడ్జి చేతిలో మన కేసు ఎప్పటికి తెములుతుంది? కొత్త జిల్లా వచ్చింది, కానీ అట్రాసిటీ కేసుల కోసం ఇంకా పాత జిల్లా కేంద్రానికే వెళ్లాలంటే ఆ ఖర్చు ఎవరి కోసం పెట్టినట్టు?

1995 నియమాల్లోని 11వ నియమం ఇంకా ముఖ్యం. బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. రోజు భత్యం వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకూడదు. భోజనం ఖర్చు వేరుగా ఇవ్వాలి. మహిళలు, 60 ఏళ్లు దాటినవారు తోడు తెచ్చుకోవచ్చు, ఆ తోడుకూ డబ్బు ఇవ్వాలి. వెంటనే, లేదా మూడు రోజుల్లోపు చెల్లించాలి. ఇది ఎవరి దయా కాదు. కోర్టు నడిపే ఖర్చులో ఇదీ భాగమే. జడ్జి జీతానికి ఒక పద్దు ఉన్నట్టే సాక్షి కూలికీ ఉండాలి.

మరో మాట. దేశంలోని కోర్టు ప్రాంగణాల్లో 26 శాతం చోట్ల మహిళలకు వేరుగా మరుగుదొడ్లు లేవని 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బహిరంగంగానే చెప్పారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చునే మన అక్కాచెల్లెళ్లకు దీని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

విద్యార్థి మిత్రులు, కార్యకర్తలు ఒక పని చేయొచ్చు. మీ జిల్లాలో గత ఏడాది 11వ నియమం కింద ఎంత మంజూరైంది, ఎంతమందికి చెల్లించారు, ఎన్ని రోజులకు చెల్లించారు అని కలెక్టరేట్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ప్రత్యేక కోర్టు ఎక్కడుంది, ప్రత్యేక పీపీ ఉన్నారా, ఎన్ని కేసులు పెండింగ్‌లో ఉన్నాయి అని అడగండి. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి తప్పనిసరిగా సమావేశం కావాలి. ఆ జవాబులు తీసుకెళ్లి ఆ సమావేశంలో బల్ల మీద పెట్టించండి. కొత్త కోర్టుకు ఎంత ఖర్చయిందో ప్రభుత్వం చెబుతుంది. కోర్టు లేనందుకు మన వాడకు ఎంత ఖర్చయిందో మనమే లెక్క కట్టి చెప్పాలి.