నీళ్లెక్కువైతే శ్లాబుకు చేటు

శ్లాబు వేసే రోజంటే ఆ ఇంట్లో పెళ్లి సందడే. తెల్లవారేసరికి మిల్లరు దిగుతుంది. యజమాని కొబ్బరికాయ కొడతాడు. ఇల్లాలు కూలీల మధ్యాహ్న భోజనానికి కోడికూర సంగతి చూస్తుంటుంది. ఎండెక్కాక పైనుంచి ఓ కేక... 'మాలు గట్టిగా వస్తోంది, నీళ్లు పొయ్యరా!' అంతే, డ్రమ్ములోకి మరో బకెట్టు.

దాంతో పని సులువవుతుంది. మాలు జారుగా వచ్చి చువ్వల మధ్యకు దిగిపోతుంది. పైన నున్నగా తేలుతుంది. చూసేవాళ్లకీ ముచ్చటగానే ఉంటుంది. నష్టం తరవాతెప్పుడో బయటపడుతుంది.

సిమెంటు గట్టిపడేది నీటితో జరిగే రసాయనిక చర్య వల్ల. దానికి ఖర్చయ్యే నీరు సిమెంటు బరువులో దాదాపు నాలుగో వంతే. అంటే 50 కిలోల బస్తాకు పన్నెండు లీటర్లు. మాలు బాగా కలిసి పరుచుకోవాలంటే ఇంకొంత కావాలి. అవసరానికి మించి పోసింది మాత్రం ఆరిపోతూ కాంక్రీటులో కంటికి కనిపించని సన్నని దారులు మిగులుస్తుంది. బలం తగ్గుతుంది. వాన నీరు ఆ దారుల్లోంచే దిగి చువ్వలను తుప్పు పట్టిస్తుంది. సిమెంటుతో పోలిస్తే నీరు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని షికాగోలో అమెరికన్ ఇంజినీరు డఫ్ ఆబ్రమ్స్ 1918లోనే సూత్రీకరించాడు.

ఎం20 కాంక్రీటును నిర్ణీత పాళ్లలో కలిపేటప్పుడు బస్తాకు 30 లీటర్లు మించకూడదని ఐఎస్ 456 (2000) ప్రమాణం చెబుతోంది. ఇంకో ఐదు లీటర్లు పోస్తే బలంలో దాదాపు ఐదో వంతు పోయినట్టే. ఇసుక తడిగా ఉంటే ఆ తడినీ ఈ లెక్కలోంచి తీసేయాలి.

మాలు ఎంత జారుగా ఉందో చెప్పేదే స్లంప్ పరీక్ష. 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఇనుప గరాటులాంటి అచ్చులో మాలును పొరలుగా నింపి, ఒక్కో పొరనూ కడ్డీతో 25 సార్లు పొడుస్తారు. అచ్చు పైకి లాగాక మాలు ఎంత కుంగిందో కొలుస్తారు. చువ్వలు పలచగా ఉండే శ్లాబుకు 25 నుంచి 75 మిల్లీమీటర్లు, దట్టంగా ఉంటే 50 నుంచి 100 వరకు ఉండొచ్చు.

స్లంప్ ఎక్కువైనంత మాత్రాన కాంక్రీటు బలహీనమని కాదు. ప్లాస్టిసైజర్ కలిపితే నీరు పెంచకుండానే మాలు జారుతుంది. మరీ గట్టిగా ఉన్నా ముప్పే, చువ్వల కింద గుల్లలు మిగిలిపోతాయి. కానీ పాళ్లు మారకుండా పొద్దున 60 ఉన్న స్లంప్ మధ్యాహ్నానికి 150కి చేరిందంటే, డ్రమ్ములో నీళ్లు పెరిగాయేమోనని చూసుకోవాల్సిందే.

అందుకే నీళ్లను కొలత డబ్బాతోనే పోయించాలి. మాలు కదలకపోతే వైబ్రేటర్ వాడాలి. అప్పటికీ కుదరకపోతే ఇంజినీరును అడిగి ప్లాస్టిసైజర్ కలపాలి. ఎండాకాలమైతే తెల్లవారుజామునే పని మొదలుపెట్టాలి.

నీళ్లు ధారాళంగా పోయాల్సింది శ్లాబు గట్టిపడ్డాక. మడులు కట్టి కనీసం పది రోజులు నిలబెట్టాలి. భోజనాల సంగతి ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. ఆ ఒక్కరోజూ యజమాని నిలబడాల్సింది మిల్లరు పక్కనే!