కచేరీలో ఒక సొంత పాట

జూన్ 14తో తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ముగుస్తుంది. మైపాడు, తుమ్మలపెంట, కృష్ణపట్నం వైపు పల్లెల్లో అప్పటికే వలలు బాగుచేసుకుని, ఇంజన్లు సరిచూసుకుని ఉంటారు. సరిగ్గా అదే రోజుల్లో ప్రపంచంలోని సంగీత పత్రికలు ఇంకో పనిలో పడతాయి. ఏడాది సగమైంది గనక ఇంతదాకా వచ్చిన ఆల్బమ్‌లలో మేలైనవి ఇవీ అని జాబితాలు వేస్తాయి. వాటిలో ప్రయోగాత్మక ఇండీ రాక్‌కి విడిగా చోటుంటుంది. ఇండీ అంటే పెద్ద కంపెనీల అదుపాజ్ఞలు లేకుండా ఎవరి సంగీతం వాళ్లు చేసుకోవడం. ప్రయోగమంటే, పల్లవి ఎక్కడుందో కొంచెం వెతుక్కోవాల్సి రావడం. నెల్లూరు కుర్రాళ్లలోనూ ఇవి వినేవాళ్లు లేకపోలేదు. రొయ్యల గుంట గట్టు మీద రాత్రి కాపలా కాసే పిల్లవాడి చెవిలో ఏం మోగుతోందో, ఏరియేటర్ల హోరులో మనకెలా తెలుస్తుంది?

ఆ జాబితాల్లో తెలుగు పేర్లు వెతికితే దొరకడం కష్టం. అందుకు నొచ్చుకోనక్కర్లేదు. మనకు పాటంటే సినిమా పాటే అయిపోయి చాలాకాలమైంది. ఒకప్పుడు ఆడియో క్యాసెట్ ఒక్కసారే వచ్చేది, రెండు వైపులా తిప్పి వినేవాళ్లం. ఇప్పుడు సినిమా పాటలు కూడా ఫస్ట్ సింగిల్, సెకండ్ సింగిల్ అంటూ వాయిదాల్లో వస్తున్నాయి. ఇక నలభై నిమిషాలపాటు ఒకే ఊహను సాగదీసే ఆల్బమ్‌ను తీరిగ్గా వినేదెవరు, అది మనకు అలవాటు లేని పని కదా అంటారు.

అలవాటు లేదనడం మాత్రం ఒప్పుకోలేం. హరికథ సంగతేమిటి? ఒక కథ, ఒక రాత్రి, ఒకే మనిషి. పాట, పద్యం, వచనం, పిట్టకథ, అప్పుడప్పుడూ ఒక చురక, కాళ్ల గజ్జెలు, చేతిలో చిడతలు. మధ్యలో లేచిపోకుండా జనం తెల్లవారేదాకా కూర్చునేవారు. రాగం మారినా, తాళం మారినా కథ చేయి వదిలేది కాదు. అంతకంటే పెద్ద ఆల్బమ్ ఇంకేం కావాలి? ఆ ఓపికను కత్తిరించింది 78 ఆర్‌పీఎమ్ రికార్డు. ఒక వైపుకి మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. సినిమా పాట ఆ కొలతకే కుదురుకుంది. 1948లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డు వచ్చి, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి నడిచే వీలు కలిగింది. 1960లలో రాక్ బృందాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. మనం మాత్రం పెద్ద రికార్డులో కూడా చిన్న పాటలే వరసగా పేర్చుకున్నాం.

ఈ మలుపు నెల్లూరు ఇంట్లోనే కనబడుతుంది. సాంబమూర్తి గారు హరికథా భాగవతార్. ఆయన కుమారుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో సినిమా పాటకు వెళ్లారు. తండ్రిది రాత్రంతా సాగే కథ, కొడుకుది మూడున్నర నిమిషాల పాట. ఆ మూడున్నర నిమిషాల్లో బాలు ఏమేం చేశారో చెప్పడానికి ఈ చోటు చాలదు. అంతగా ఎవరూ తలచుకోనిది ఇంకొకటుంది. సినిమాల్లో నిలదొక్కుకుంటున్న రోజుల్లో ఆయన మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ బృందం నడిపారు. అందులో గిటారు, తర్వాత హార్మోనియం వాయించినవారు ఇళయరాజా. ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్ కూడా ఉన్నారు. ఇంకో దేశంలో, ఇంకో భాషలో పుట్టి ఉంటే ఆ బృందమే సొంత పాటలతో ఒక ఆల్బమ్ తెచ్చేదేమో. ఇక్కడ అందరినీ సినిమా పిలిచింది. వెళ్లకుండా ఉండాల్సిందని అనడానికి మనకు నోరు రాదు.

గిటారిస్టు మాత్రం ఆ అప్పు తీర్చుకున్నారు. 1986లో ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్?’ చేశారు. సినిమా లేదు, హీరో లేడు, పాట కూడా లేదు. త్యాగరాజుకీ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితమిచ్చి, వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ముందు నడుస్తుండగా చేసిన వాద్య సంగీతం. ఈ ఏడాది సగం జాబితా మమ్మల్ని వెయ్యమంటే, నాలుగు దశాబ్దాల కిందటిదైనా సరే, మొదట దీన్నే రాస్తాం. కొత్తదనానికి తేదీతో పెద్ద పనిలేదు.

రెండోది మన పాలకొల్లు పిల్లవాడిది. మాండలిన్ యు. శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేసినప్పటికి తొమ్మిదేళ్లవాడు. జంట తీగలతో ఎనిమిదుండే మాండలిన్‌ను అయిదు ఒంటి తీగలకు తగ్గించి, విద్యుత్తు జోడించి, కర్ణాటక గమకానికి లొంగదీశారు. 1995లో కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ చేశారు. మాండలిన్ తీగ మీటగానే నాదం పుడుతుంది, వెంటనే ఆరిపోతుంది. అందుకే వాయించేవాడు వేలితో తీగ లాగి, జారించి, ఆరిపోయేలోగా దానికి ప్రాణం పోస్తూ ఉండాలి. బ్రూక్ సొంతంగా తయారుచేసుకున్న ‘ఇన్ఫినిట్ గిటారు’లో స్వరం ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలుస్తుంది. ఆరిపోయే నాదమూ ఆరని నాదమూ పక్కపక్కన నడవడమే ఆ ఆల్బమ్ అంతా. శ్రీనివాస్ అందులో అవతలివారి మెప్పు కోసం ఏ రాగాన్నీ పలచన చెయ్యలేదు. బ్రూక్ కూడా భారతీయంగా కనిపించాలని అగరొత్తులు వెలిగించలేదు. ఫ్యూజన్ పేరిట వచ్చిన సరుకులో చాలా భాగం మాకు రుచించదు గానీ, దీన్ని మాత్రం ఎన్నిసార్లయినా వినగలం. 2014 సెప్టెంబరులో శ్రీనివాస్ వెళ్లిపోయేనాటికి నలభై అయిదేళ్లే.

ఇటీవలి వాటిలో సిద్ శ్రీరామ్ 2023లో తెచ్చిన ‘సిధార్థ్’ ఒకటుంది. ‘ఇంకేం ఇంకేం’ గొంతు కోసం వెళ్లినవారు తడబడతారు. ఇంగ్లీషు పాటలు, మిన్నెసోటా నిర్మాత రయాన్ ఓల్సన్ పోసిన ధ్వనులు, వాటి మధ్య ఎక్కడో కర్ణాటక సాధన. అన్ని పాటలూ మాకు ఎక్కలేదు. అయినా తెలుగు సినిమా నెత్తిన పెట్టుకున్న గాయకుడు, అక్కడి చప్పట్లు పక్కనపెట్టి ఇలాంటిది చెయ్యడం బాగుంది. హైదరాబాదులో చౌరస్తా బ్యాండు జమైకా రెగె లయకు తెలుగు పల్లె మాటను అతికించి ‘ఊరెళ్లిపోతా మామా’తో జనం నోళ్లలో పడింది. ఆ బృందంలోని రామ్ మిరియాలను కూడా తర్వాత సినిమా పిలిచింది. కథ మళ్లీ అదే.

మన తీరంలో వాయించేవాళ్లకు కొదవ లేదు. పెళ్లిళ్లకీ, తిరునాళ్లకీ వచ్చే ఆర్కెస్ట్రాలు చూడండి. కీబోర్డు, ప్యాడ్, బేస్ గిటారు, అన్నీ ఉంటాయి. ఎవరి పాటనైనా అచ్చు గుద్దినట్టు దింపగల చేతులు. వాళ్లలో సొంత బాణీ కట్టుకున్నవాళ్లు కచ్చితంగా ఉంటారు. దాన్ని వినిపించమని అడిగేవాళ్లే లేరు. స్టూడియోలూ, కంపెనీలూ తర్వాత సంగతి, ముందు ఒక పెళ్లిపెద్ద చాలు. ఈసారి పాటకచేరీకి బయానా ఇచ్చేటప్పుడు, భోజనాలకు లేచే ముందు మీ సొంతది ఒకటి వాయించండి అని ఒక్క మాట అనొచ్చు. మగపెళ్లివారి మేనమామ ఒకాయన లేచి చిరంజీవి పాటేదీ అని అడుగుతాడు, తప్పదు. ఆయన అడిగింది ముందు వాయించేసి, ఆయన విస్తరి ముందు కూర్చున్నాక రెండోది మొదలుపెట్టమంటే సరి.