ఆర్థిక గణితంలో పైచదువు - ముందు అడగవలసిన ప్రశ్న

ఇంజినీరింగో, బి.ఎస్సీ.యో ముగించిన పిల్లలున్న ఇళ్ళలో ఈమధ్య క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అనే మాట తరచుగా వినిపిస్తోంది. షేర్లు, బాండ్లు, బీమా పాలసీల ధరనూ వాటిలోని నష్టభయాన్నీ గణితంతో లెక్కగట్టే విద్య ఇది. ఘంటసాల, చల్లపల్లి, బందరు ప్రాంతాల తల్లిదండ్రులు కొందరు "ఏ కోర్సులో చేర్పించమంటారు, మౌల్వీ సాబ్?" అని మమ్మల్ని అడుగుతున్నారు. ఇది మౌల్వీని అడగవలసిన ప్రశ్నేనా అని కొందరికి నవ్వు రావచ్చు. కాని 'ఆల్జీబ్రా' అన్న మాట పుట్టింది అల్ ఖ్వారిజ్మీ గ్రంథం పేరులోంచి. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాల, వారసత్వపు వాటాల లెక్కలే. మదరసాలో ఫరాయిజ్ చదివినవారికి ఈ వాసన బొత్తిగా కొత్త కాదు.

ఈ విద్యకు రెండు దారులున్నాయి. ఒకటి, ఉద్యోగానికి సూటిగా తయారుచేసే ప్రత్యేక కోర్సు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1994లో ఇలాంటిది ప్రారంభించింది. న్యూయార్కు బరూక్ కాలేజీ వంటివి తర్వాత వచ్చాయి. రెండోది, సంభావ్యతనూ గణాంకశాస్త్రాన్నీ లోతుగా నేర్పి, ఆర్థికరంగాన్ని అందులో ఒక ప్రయోగంగా చూపే చదువు. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఎం.స్టాట్. ఇలాంటిది. అక్కడే, ఢిల్లీలోనూ ఉన్న క్వాంటిటేటివ్ ఎకనమిక్స్ కోర్సు అర్థశాస్త్రం వైపు మొగ్గుతుంది.

మొదటి దారిలో ఫీజు, ఇంటి అద్దె కలిపితే మన మధ్యతరగతి కుటుంబానికి అప్పు తప్పదు. రెండోదానిలో ఎంపికైన విద్యార్థికి ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా స్టైపెండు వస్తుంది. మా దృష్టిలో అసలు తేడా ఇదే.

కారణం చెబుతాము. ఈ రంగంలో చాలా పని వడ్డీరేట్ల చుట్టూ తిరుగుతుంది. ఏది హలాల్, ఏది హరామ్ అన్నది ముఫ్తీలను అడిగి తెలుసుకోవలసిందే. విద్యారుణానికి కట్టే వడ్డీ మాటా అంతే. అయితే రేపు ఒక ఉద్యోగం మనసుకు ఒప్పకపోతే "వద్దు" అనగలిగే స్వేచ్ఛ ఎవరికుంటుంది? నెలనెలా వాయిదా కట్టవలసిన కుర్రవాడికి ఉండదు. అప్పటికి అతని తరఫున నిర్ణయం అప్పు తీసేసుకుంటుంది. మార్కెట్టు కూడా మాట మీద నిలవదు. 158 ఏళ్ళ లేమాన్ బ్రదర్స్ 2008 సెప్టెంబరు 15న దివాలా తీసింది. కంపెనీ పోయినా విద్యార్థి అప్పు పోదు. దివ్యఖుర్ఆన్‌లో అతి పెద్ద ఆయతు అప్పు పత్రం రాసుకోవడం గురించే అన్న సంగతి మన ఇళ్ళలో ఎందరికి గుర్తుందో!

గణాంకశాస్త్రం నేర్చినవాడు బ్యాంకుకే పరిమితం కానక్కరలేదు. పంటల బీమా ఉంది, వైద్య పరిశోధన ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన మింగిన దివిసీమ పక్కన ఉన్నవారికి తుఫాను నష్టాన్ని ముందే అంచనా వేసే విద్య విలువ వేరే చెప్పాలా?

సి.ఆర్.రావుగారి చిన్ననాటి చదువు కొంత పాత కృష్ణాజిల్లాలోని నూజివీడు, నందిగామల్లోనే సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో ఆయన రాసిన వ్యాసం నేటికీ ప్రపంచమంతా పాఠ్యాంశం. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నారు.

ఇప్పటికే మొదటి దారి నిశ్చయించుకున్నవారిని మేము వారించము. మంచి ఉద్యోగాలు వచ్చినవారూ ఉన్నారు. ప్రాస్పెక్టస్ పైఅట్టను వదిలి, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చెబుతారో చదవండి. కిందటేడు ఎందరు చేరారు, ఎందరికి ఏ పని దొరికింది అని రాతపూర్వకంగా అడగండి.

అబ్బాయిని అప్పు చేసి అమెరికా పంపే ఇల్లే, లెక్కల్లో అతనికన్నా చురుకైన అమ్మాయిని కలకత్తా పంపడానికి వెనుకాడుతోంది. ఆ ఇన్‌స్టిట్యూట్ దరఖాస్తులు సాధారణంగా మార్చిలో మొదలవుతాయి, రాతపరీక్ష మేలో. ఒకే ఇంటినుంచి రెండు దరఖాస్తులు వెళ్ళడానికి అడ్డేమీ లేదు.