నటరాజా సర్వీసు మళ్ళీ ఎప్పుడు?

కాలినడకను మన పెద్దలు సరదాగా ‘నటరాజా సర్వీసు’ అనేవారు. టిక్కెట్టు లేదు, టైము టేబులు లేదు, సమ్మె అసలే లేదు. అంత చక్కని సర్వీసు మన కాలేజీలో దాదాపు రద్దయిపోయింది. మెయిన్ గేటు నుంచి క్లాసులదాకా దూరం ముప్పాతిక కిలోమీటరు. పట్టుమని పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల నడక తప్పించుకోడానికి షేర్ ఆటో కోసం పావుగంట నిలబడే మిత్రులు నాకు తెలుసు. పేర్లు చెప్పను. వారిలో నేనూ ఒకర్తెను గనక!

ఈ సంవత్సరం మన సంఘం సాధించిన వాటిలో కొత్త స్కూటర్ల స్టాండు ఒకటి. దానికోసం పెట్టిన అర్జీ మీద నేనూ సంతకం చేశాను. ఆ సంతకం గురించే నాలుగు మాటలు చెప్పాలని వుంది. సంఘం వేసే సావనీర్‌లోనే సంఘాన్ని తప్పుపడుతోందేమిటని ఎవరూ నొచ్చుకోవద్దు. తప్పులో నా వాటా కూడా వుంది.

మా నాన్నగారు హైదరాబాదులో సిటీబస్సు కండక్టరు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో డబుల్ డెక్కర్ బస్సులు ఇంకా తిరుగుతుండేవి. రోజంతా ఆ ఇరుకు మెట్లు ఎక్కడం, దిగడం, జనంలోంచి దారి చేసుకుంటూ నడవడం, అదే డ్యూటీ. రాత్రి ఇంటికి రాగానే “కాళ్ళు పీకేస్తున్నాయే” అనేవారు. ఏడేళ్ళ కిందట డిపోలో కూర్చుని లెక్కలు చూసే పని ఇచ్చారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. “హమ్మయ్య, కుర్చీ ఉద్యోగం” అని అమ్మ ఆ రోజు పరమాన్నం వండింది. నాలుగేళ్ళు తిరక్కుండా నాన్నగారికి షుగరు వచ్చింది. డాక్టరు మందులు రాసి, రోజూ నడవమన్నాడు. నాన్నగారు నవ్వి, “ఇరవయ్యేళ్ళు జీతమిచ్చి నడిపించారు డాక్టరుగారూ, ఇప్పుడు మీకు ఫీజిచ్చి నడవాలా?” అన్నారు.

మా వంశంలో షుగరు వుంది. కుర్చీయే తెచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను. కాని ఈ సంగతి పుస్తకాల్లో వెతికితే నాకు నాన్నగారి కథ లాంటిదే లండన్‌లో కనిపించింది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా వచ్చాయి. అదే బస్సు, అదే రోడ్డు, అదే పొగ. తేడా అంతా కాళ్ళ పనిలోనే. డ్రైవర్లు మొదటినుంచీ లావుగా వుండేవారేమోనన్న సందేహం వస్తే, యూనిఫాం పంట్లాముల నడుం కొలతలు తెప్పించి మరీ చూశారు. డ్రైవర్ల నడుం నిజంగానే పెద్దది. అయినా సన్నవాళ్ళలో సన్నవాళ్ళను, లావువాళ్ళలో లావువాళ్ళను పోల్చి చూసినా కండక్టర్లదే పైచేయి.

లండన్ సంగతి మనకెందుకంటారా? 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారం మన దేశంలో పదికోట్ల మందికి పైగా మధుమేహులున్నారు. ఆ గుమ్మంలో నిలబడినవాళ్ళు మరో 13 కోట్ల 60 లక్షలు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల మాటేమో గాని, కూర్చుని తింటే ఒంట్లో కొవ్వు మాత్రం కరగడం లేదు!

నడకంటే తెల్లవారుజామున తెల్లబూట్లు వేసుకుని వెళ్ళే కార్యక్రమమని మనలో ఒక భ్రమ. రోజుకి పదివేల అడుగులు వేయకపోతే లాభం లేదని ఇంకో భ్రమ. ఆ పదివేలు ఏ వైద్యుడూ తేల్చిన లెక్క కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, అంటే 1965లో, జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి పెట్టుకున్న పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది ఇంతకంటే సులువు: పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చాలు. ఒక్కసారిగా చేయనక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. ఓ మోస్తరంటే? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఇప్పుడు మన లెక్క చూడండి. గేటు నుంచి క్లాసుకు రాను పది, పోను పది. వారానికి ఆరు రోజులు, 120 నిమిషాలు. రాత్రి మెస్సులో భోంచేశాక పది నిమిషాలు హాస్టలు చుట్టూ తిరిగితే మరో 60. మొత్తం 180. పాసు మార్కులు దాటి సెకండ్ క్లాసులో పడ్డాం! భోజనం కాగానే నూరడుగులు వేయమని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు. నడిచేటప్పుడు కాళ్ళ కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఇవిగాక లైబ్రరీకి లిఫ్టు మాని మెట్లెక్కడం, ఒక స్టాపు ముందే బస్సు దిగడం, ఫోనొస్తే లేచి పచార్లు చేస్తూ మాట్లాడడం. వీటికి డబ్బూ అక్కర్లేదు, ముహూర్తమూ అక్కర్లేదు.

2003లో, 2012లో, 2017లో పాదయాత్రలు మొదలుపెట్టిన ముగ్గురు నాయకులూ ఆ తర్వాతి ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రులయ్యారు. మనకు అంత పదవి వద్దు. ముప్పయ్యేళ్ళకే చేతిలో మందుల డబ్బా లేకుండా వుంటే అదే పదివేలు.

“అన్నీ చెప్పావు గాని, నడవడానికి దారేదమ్మా?” అని నా రూమ్మేటు అడిగింది. ఆ ప్రశ్నే నన్ను ఈ వ్యాసం రాయించింది. మనం సాధించిన స్టాండు సరిగ్గా పాత కాలిబాట మీద లేచింది. ఇప్పుడు నడిచేవాళ్ళు బళ్ళమధ్య రోడ్డుమీద నడవాలి. లైబ్రరీ నుంచి లేడీస్ హాస్టలుకు వచ్చే దారిలో సగం దీపాలు వెలగవు. రాత్రి ఏడు దాటితే మేం ఆటో ఎక్కేది బద్ధకంతో కాదు, భయంతో. దారి లేనిచోట నడవండి, నడవండి అని ఉపన్యాసాలు ఇవ్వడం, నూతిలో నీళ్ళు లేకుండా చేద ఇచ్చినట్టే.

స్టాండు పీకేయమని నేననడం లేదు. దూరంనుంచి వచ్చేవాళ్ళకి, కాళ్ళు సహకరించనివాళ్ళకి బండి కావాలి. కాని వచ్చే ఏటి సంఘం మొదటి అర్జీ మూడు కోరికలతో వుండాలి: గేటునుంచి క్లాసులదాకా నీడున్న కాలిబాట, హాస్టలు దారిలో దీపాలు, మధ్యలో ఒక మంచినీళ్ళ కుళాయి. బళ్ళకోసం అంత గట్టిగా అడిగిన మనం కాళ్ళకోసం ఇంతైనా అడగలేమా?

నాన్నగారు ఇప్పుడు రాత్రి భోజనమయ్యాక మా వీధిలో నడుస్తూ నాకు ఫోను చేస్తారు. నేనిక్కడ హాస్టలు వరండాలో నడుస్తూ మాట్లాడతాను. “ఎన్ని ట్రిప్పులైనాయమ్మా?” అని అడుగుతారు, కండక్టరు కదా! వరండాలో కాక, వెలుతురున్న రోడ్డుమీద నడుస్తూ ఆయనకు జవాబు చెప్పాలని నా కోరిక.

ఆ అర్జీ నేనే రాస్తాను. సంతకాలకోసం మీ అందరి దగ్గరికీ వస్తాను, నడిచే.