ఫోను జేబులో, మాట కంప్యూటర్లో

జేబులోంచి ఫోను తీయకుండానే కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటికి మాట్లాడే సదుపాయం వచ్చి చాలా కాలమే అయింది. ఆపిల్ వారు 2014లోనే ఐఫోన్ కాల్‌ను మాక్‌లో వినిపించారు. విండోస్‌లో ‘యువర్ ఫోన్’ పేరుతో 2019లో కాల్స్ మొదలయ్యాయి. 2022లో దాని పేరు ‘ఫోన్ లింక్’గా మారింది. ఇందులో మాయేమీ లేదు. బ్లూటూత్ మీద కంప్యూటరే మన ఫోనుకి పెద్ద హెడ్‌సెట్‌లా పనిచేస్తుంది, అంతే. కాల్ వెళ్ళేది మన సిమ్ నుంచే, ఖర్చూ మనదే.

ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తూ గైడుగారితో మాట్లాడొచ్చు. చేయి సరిగా స్వాధీనంలో లేని మిత్రులకైతే వరమే అంటాను.

నా పేచీ అల్లా ఉమ్మడి కంప్యూటర్లతోనే. మన లాబుల్లో, హాస్టల్ రీడింగ్ రూముల్లో ఒక్క లాగిన్‌తో పదిమందిమి కూర్చుంటాం. అక్కడ లింకు చేసి, క్లాసుకి వేళైందని లేచిపోతే? మన మెసేజీలు ఆ తెరమీద పడుతూనే ఉంటాయి. వాటిలో బాంకు ఓటీపీ కూడా ఉండొచ్చు! ఒక అమ్మాయి ఫోనులోని నంబర్లు ఎవడికో చిక్కితే అది నవ్వులాట కాదు.

సొంత లాప్‌టాప్‌లో ఎంతైనా వాడండి. లాబు కంప్యూటర్లలోంచి మాత్రం ఈ ప్రోగ్రాం తీయించమని మన యూనియన్ గట్టిగా అడగాలి. ‘ఎవరి జాగ్రత్త వారిదే’ అనే లెక్చరర్లున్నారు. పదిమందికీ ఒకే లాగిన్ ఇచ్చింది కాలేజీయే కదా, ఆ జాగ్రత్తలో సగమైనా పంచుకోవద్దూ? ఈలోగా, ఇప్పటికే లింకు చేసినవాళ్ళు ఫోనులోని ‘లింక్ టు విండోస్’లోకెళ్ళి ఆ కంప్యూటర్ పేరు తీసేయండి.