ఊడిన పంటి చోట ఏది?

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమని సామెత. ఊడగొట్టుకోవడం వరకు ఆ మాట చెల్లుతుంది. ఊడిన చోట మరొకటి నిలబెట్టుకోవలసి వచ్చినప్పుడు మాత్రం ఏదైతేనేమి అనుకోరాదని నా అభిప్రాయం.

ఈ విషయంలో మన ఇళ్ళలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. "ఈ వయసులో ఇంకా పళ్ళెందుకు?" అన్నది మొదటిది. ఇది పెద్దవాళ్ళు తమను గురించి తామే అనుకునే మాట. "ఖర్చు సంగతి నేను చూసుకుంటాను, ఇంప్లాంట్లే పెట్టించుకో నాన్నా!" అన్నది రెండవది. ఇది దూరదేశాన ఉన్న పిల్లలు ఫోనులో అనే మాట. మొదటి దానిలో వైరాగ్యం ఉంది, రెండవ దానిలో ప్రేమ ఉంది. రెండింటిలోనూ లోపించినది విచారణ.

సంస్కృతంలో పంటికి ద్విజమని పేరు. రెండుసార్లు పుట్టేది కనుక ఆ పేరు వచ్చింది. పాలపళ్ళు ఊడితే ప్రకృతి మళ్ళీ ఇస్తుంది, ఆ తరువాత ఊడితే ఇవ్వదు. మూడవ జన్మ మనం ఎన్నుకోవలసినదే. ఎన్నుకునే ముందు పంటి పని ఏమిటో తెలియాలి కదా! నమలడమని అందరూ చెబుతారు. ముప్ఫై మూడేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, పలకడమని కూడా నేను చేరుస్తాను. త థ ద ధ న ల స అన్నవి దంత్యాలు. వకారానికి పైపళ్ళు కింది పెదవిని తాకాలి. చాప, జడ వంటి మాటల్లోని దంత్య చజలు మన తెలుగు సొత్తు. ముందుపళ్ళు పోయిన నోట ఈ అక్షరాలన్నీ గాలిలో కలిసిపోతాయి.

నా మిత్రుడొకాయన, నాతోపాటు పనిచేసిన పండితుడు, పద్యం చదివితే వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవారు. చిగుళ్ళ జబ్బుతో ఆయనకు పైపళ్ళు వరసగా కదిలి ఊడిపోయాయి. మొదట పద్యం మానారు. తరువాత సభలకు రావడం మానారు. పెళ్ళిళ్ళకు వచ్చినా పంక్తిలో కూర్చోకుండా, ఇంటికి వెళ్ళి పెరుగన్నం కలుపుకొనేవారు. మనిషి ఒంటరివాడు కావడానికి ఇంతకన్న పెద్ద కారణం అక్కరలేదు. వయసు మీద పడిందని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు. పోయినవి పళ్ళు మాత్రమేనని ఎవరికీ తోచలేదు.

మరొక సంగతి. "తరువాత చూద్దాంలే" అనడం కూడా నోటికి సంబంధించినంతవరకు ఒక నిర్ణయమే. ఖాళీ ఏర్పడితే పక్కపళ్ళు అటువైపు ఒరుగుతాయి, ఎదుటి దవడలోని పన్ను ఆ ఖాళీలోకి దిగుతుంది. పన్ను లేని చోట దవడ ఎముక కరిగిపోతుంది, అందులోనూ మొదటి సంవత్సరం ఎక్కువగా. నాలుగేళ్ళ తరువాత వెళితే, అప్పుడు సులువుగా కుదిరేది ఇప్పుడు కుదరకపోవచ్చు.

అలాగని ప్రతి ఖాళీనీ పూరించి తీరాలనీ లేదు. నెదర్లాండ్సుకు చెందిన కైజర్ అనే దంతవైద్యుడు 1981లో, ముందుపళ్ళూ చిన్న దవడపళ్ళూ సరిగా ఉంటే చివరి దవడపళ్ళు లేకపోయినా చాలామందికి నమలడం సాగుతుందని చూపించాడు. జపానువారు 1989లో మొదలుపెట్టిన 8020 ఉద్యమం లక్ష్యం కూడా ఎనభై ఏళ్ళ వయసులో ఇరవై సొంతపళ్ళు ఉండాలన్నదే, ముప్ఫై రెండూ ఉండాలని కాదు. నాకు కింది వరసలో చిట్టచివరి దవడపన్ను తీసినప్పుడు, అక్కడ ఏమీ పెట్టనక్కరలేదని మా వైద్యుడు చెప్పాడు. వద్దని చెప్పే వైద్యుడి మాటకు నేను విలువ ఎక్కువ ఇస్తాను.

పూరించవలసిన చోట ముఖ్యమైన మార్గాలు మూడు.

మొదటిది తీసి పెట్టుకునే కట్టుడుపళ్ళ సెట్టు. ఒకప్పుడు దంతంతోనూ, లోహంతోనూ చేయించుకోగలిగినవారు సంపన్నులే. 1850ల తరువాత గట్టిపరచిన రబ్బరుతోనూ, 1930ల తరువాత యాక్రిలిక్‌తోనూ చేయడం వచ్చాకనే అవి సామాన్యుడి నోటికి అందాయి. ఖర్చు తక్కువ, కోత అక్కరలేదు. ఎముక కరిగేకొద్దీ వదులవుతాయి కనుక కొన్నేళ్ళకొకసారి సరిచేయించుకోవాలి. రాత్రి తీసి, కడిగి, చన్నీళ్ళలో ఉంచాలి. వేణ్ణీళ్ళలో వేస్తే వంకరపోతాయి.

రెండవది బ్రిడ్జి. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటి మీద తొడుగులు వేసి, నడుమ కొత్త పంటిని నిలుపుతారు. రోజూ తీయనక్కరలేదు. అయితే ఒక పంటి కోసం మచ్చలేని రెండు పళ్ళను అరగదీయడం ఆలోచించవలసిన విషయం. నాకు పై వరసలో ముందుపన్ను ఒకటి పోయినప్పుడు దాని ఇరుగుపొరుగు రెండూ ముందే పుచ్చి, సిమెంటు పెట్టించుకొని, తొడుగుల కోసం ఎదురుచూస్తున్నాయి. కనుక నాకు బ్రిడ్జే ఉచితమైంది. అవి ఆరోగ్యంగా ఉండి ఉంటే ఒప్పుకొనేవాణ్ణి కాదు.

మూడవది ఇంప్లాంటు. టైటానియం మరను దవడ ఎముకలో అమర్చి, దాని మీద పంటిని బిగిస్తారు. ఎముక టైటానియంతో విడదీయరానంతగా కలిసిపోతుందని స్వీడనులో బ్రేనెమార్క్ 1950లలో కుందేళ్ళ మీద పరిశోధనలో గమనించాడు. 1965లో మొదటిసారి మనిషికి అమర్చాడు. సొంతపంటికి దగ్గరగా వచ్చేది ఇదే, పక్కపళ్ళ జోలికి పోదు. ఎముక పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. వయసు ఒక్కటే దీనికి అడ్డు కాదు. అదుపులో లేని మధుమేహం, పొగతాగే అలవాటు, దవడకు రేడియేషను తీసుకొని ఉండటం, ఎముకల బలానికి వాడే కొన్ని మందులు అడ్డు కావచ్చు. వీటిని వైద్యుడు అడగకపోయినా మనమే చెప్పాలి.

ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు కనుక ఇక చింత లేదని చాలామంది అనుకుంటారు. పంటికి పట్టదు, నిజమే. శుభ్రత లోపిస్తే చుట్టూ ఉన్న చిగురు వాచి, లోపల ఎముక తినివేయబడుతుంది, చివరకు మరే కదులుతుంది. అందుచేత చేతులు వణికే తండ్రికి నోటినిండా ఇంప్లాంట్లు పెట్టించి విమానమెక్కే కుమారుడు, రోజూ వాటిని తోమిపెట్టేదెవరో కూడా ఆలోచించి వెళ్ళాలి.

ఈ మూడింటికీ నడుమ మధ్యేమార్గం ఒకటుంది. అది మా శ్రీమతికి అక్కరకు వచ్చింది. ఆమెకు కింది దవడలో ఒక్క పన్నూ లేదు. పై సెట్టు అంగిలిని పట్టుకొని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ ఆధారం లేదు, పైగా నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. ఏడాదిపాటు ఆమె జంతిక ముక్కను పాలలో నానబెట్టుకొని తిన్నది. చివరకు కింది దవడలో రెండే రెండు ఇంప్లాంట్లు అమర్చి, చొక్కాకు టిచ్‌బటన్లలాగా, సెట్టును వాటి మీద నొక్కి పెట్టుకునే ఏర్పాటు చేశారు. పళ్ళు పూర్తిగా లేని కింది దవడకు మొట్టమొదట సూచించవలసిన పద్ధతి ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తీర్మానించారు. నోటినిండా ఇంప్లాంట్లకయ్యే ఖర్చులో ఇది కొంత భాగమే. అయినా ఈ మార్గం ఉన్నదని మాకు మొదట ఎవరూ చెప్పలేదు, మేము వెళ్ళిన మొదటి ఆసుపత్రి వారితో సహా. అక్కడ అతి చవక, అతి ఖరీదు అన్న రెండు మాటలే వినిపించాయి.

కనుక నేను చెప్పదలచినది ఇది. ధర చూసి గాని, వయసు చూసి గాని పంటిని నిర్ణయించకూడదు. ఆ నోటికి ఏ పని కావాలో, ఎముక ఏ మాత్రం మిగిలిందో, పక్కపళ్ళు ఎలా ఉన్నాయో, రోజూ శుభ్రం చేసుకొనే చెయ్యి ఎంత స్థిరంగా ఉందో చూసి నిర్ణయించాలి. వైద్యుణ్ణి "ఎంతవుతుంది?" అని అడిగే ముందు "ఏమీ పెట్టకపోతే ఏమవుతుంది?" అని అడగాలి. పిల్లలు డబ్బు పంపే ముందు "నాన్నా, నీకేం తినాలని ఉంది? ఎవరితో మాట్లాడాలని ఉంది?" అని అడగాలి. పెద్దలు సిగ్గుపడకుండా జవాబు చెప్పాలి.

నా మిత్రుడు ఇంప్లాంట్లు వద్దన్నారు. పైవరసకు సాదా సెట్టే కట్టించుకున్నారు. మొదటి నెల సకారం ఈలగా మారి, వకారం జారిపోయింది. రోజూ తెల్లవారుజామున అరగంటసేపు తలుపు వేసుకొని గొంతెత్తి చదివారు. కొత్త సెట్టుకు నాలుకను అలవాటు చేయడానికి వైద్యులు చెప్పే ఉపాయం కూడా ఇదే. మొన్న మాఘమాసంలో మా ఊరి గ్రంథాలయంలో నాలుగు సీసాలు చదివారు. మునుపటి స్పష్టత నూటికి నూరుపాళ్ళు రాలేదు గాని, మునుపటి మనిషి వచ్చాడు.

మీ ఇళ్ళలో బోసినోటితో మౌనంగా కూర్చున్న పెద్దలుంటే ఒకసారి పక్కన కూర్చొని అడగండి. మీ అనుభవాలను వ్యాఖ్యలలో తెలుపగలరు.